చిన్న కీబోర్డు, పెద్ద మీటింగు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది?" అని. గొప్ప పనులు నేనేమీ చేయలేదు నాయనా. టైపిస్టుగా ఎక్కినాను, సీనియర్ అసిస్టెంటుగా దిగినాను. నా చేతుల మీదుగా పోయిన కాగితాలు కుప్ప పోస్తే ఒక చిన్న చెరువు పూడుతుంది, అంతే. కాకపోతే ఒకసారి, నేను కుర్చీలో లేనప్పుడు, నా కీబోర్డు ఒక పని చేసింది. అది చెప్తాను. నేర్చుకునేది ఉంటే నేర్చుకోండి, లేకుంటే నవ్వుకోండి.

కడప జిల్లాలో కాలువలు, తూములు చూసుకునే ఒక ఆఫీసు అది. ఊరు, పేరు వద్దు. లోపలి గదిలో మా ఇంజనీరు సారు. ఆ గదికీ మా హాలుకూ మధ్య పలుచని చెక్క గోడ. హాల్లో కిటికీ పక్కన సూపర్నెంటు గారు, ఆయనకు ఎదురుగా నేను, నా పక్కన కంప్యూటర్ ఆపరేటరు. ఆపరేటరుది ఆదోని పక్క పల్లె. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, కాంట్రాక్టు ఉద్యోగం. నోరు మాత్రం పర్మినెంటు.

నేను రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు నా వేళ్ళు మొరాయించినాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగుసుకునేది కాదు. డాక్టరు చూసి, "మీరు కీబోర్డును కొడతారా, తాకుతారా?" అని అడిగినాడు. నేను టైపు మిషన్ మీద పెరిగినదాన్ని. తాకడమనేది నాకు నేర్పలేదు. పైగా ఆఫీసు కీబోర్డు నానబెట్టిన అటుకుల మాదిరి ఉండేది. నొక్కితే అక్షరం పడిందో లేదో తెలియదు, అందుకని ఇంకా గట్టిగా కొట్టేదాన్ని.

"అక్కా, నువ్వు మెకానికల్ కీబోర్డు తెప్పిచ్చుకో," అనింది ఆపరేటరు. "ఒక్కో కీ కింద ఒక్కో స్ప్రింగు ఉంటాది. సగం నొక్కితేనే అక్షరం పడతాది."

"నా టేబులు మీద చోటు యాడుంది పాపా? ఫైళ్ళే నన్ను నెట్టేస్తాండాయి."

"చిన్న సైజువి ఉండాయిలే. వైరు కూడా ఉండదు. ఫైలు లాగితే కీబోర్డు కింద పడే బాధ లేదు."

సొంత డబ్బుతోనే తెప్పించుకున్నాను. పెట్టె విప్పితే నా రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత ఉంది. చూడముచ్చటగా ఉంది కానీ అంకెల గడులు లేవు, పైన ఉండే ఎఫ్ వన్, ఎఫ్ టూ వరుస లేదు.

"ఏం పాపా, దీనికి సగం అవయవాలే లేవే!"

"అన్నీ ఉండాయక్కా, కనపడవు. ఇదో, ఈ ఎఫ్ఎన్ అనే కీ పట్టుకోని వేరే కీ నొక్కితే ఇంకో పని చేస్తాది. ఒకే ఇల్లు. కింద ఒక కాపురం, మిద్దె మీద ఒక కాపురం. ఈ కీ ఏమో మెట్లు."

అంత బాగా నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఇక దాన్ని కంప్యూటరుకు కలపాల. ఆపరేటరు ఏదో నొక్కి, తెర మీద పేర్ల వరుస తెప్పించింది. చుట్టుపక్కల బ్లూటూతు ఉన్న వస్తువులన్నీ అందులో ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ నంబర్లూ. మా కీబోర్డు ఇదే అనుకుని ఒకదాని మీద నొక్కినాము. "కనెక్టయింది" అని వచ్చింది. సరిగా ఉందా లేదా చూద్దామని కంప్యూటరులో ఏదో పాట పెట్టింది ఆపరేటరు. కీబోర్డుకూ పాటకూ ఏం సంబంధమో ఆమెకే తెలియాల.

అప్పుడు సూపర్నెంటు గారు మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలో కళ్ళు మూసుకుని "ఆలోచిస్తున్నారు". చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు. మేము కలిపింది వాటికి. నాదస్వరం ఒక్కసారిగా చెవుల్లో మోగేసరికి మనిషి లేచి నిలబడి, "వచ్చినాడా? సారు వచ్చినాడా?" అని చొక్కా సర్దుకున్నాడు. హాల్లో ఎవరికీ ఏ శబ్దమూ వినపడలేదు కాబట్టి, ఆయనకు ఏమయిందోనని అందరమూ లేచి నిలబడినాము. ఆపరేటరు మాత్రం వంగి టేబులు కింద ఏదో వెతుక్కుంటూ ఉండిపోయింది.

రెండో ప్రయత్నంలో కలిసింది. నేను మొదటి అక్షరం కొట్టినాను. టక్. ఆహా! మళ్ళా నా పడుచుతనం నా వేళ్ళలోకి వచ్చినట్లయింది. టకటకా ఒక లెటరంతా కొట్టేసినాను. తలెత్తి చూస్తే సూపర్నెంటు గారు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, ఆఫీసులో పేలాలు వేంచుతాండావా?"

"కొత్త కీబోర్డు సార్."

"అది కీబోర్డా? నా తలకాయలో జొన్నలు దంచినట్టుండాది. ఆలోచన సాగనిస్తావా లేదా?"

ఆయన ఆలోచన సంగతి మాకు తెలుసు కాబట్టి నవ్వు ఆపుకున్నాము. కానీ రోజూ అదే గోల. చివరికి ఆపరేటరే దారి చూపింది. కీల కింద ఉండే స్విచ్చులు పీకి, శబ్దం రానివి వేసుకోవచ్చంట. తెప్పించినాము. ఒక మధ్యాహ్నం ఇద్దరమూ కూర్చుని, పెట్టెతో వచ్చిన చిన్న పట్టకారుతో పీకడం మొదలుపెట్టినాము. ఒక్కోదానికి కింద రెండు సన్నని కాళ్ళు. నిటారుగా దించాల, లేకుంటే కాలు వంగుతుంది. నా కళ్ళద్దాలకు ఆ కాళ్ళు ఆనవు. నేను దించినవాటిలో శానా కుంటివే. ఆపరేటరు వాటిని మళ్ళా పీకి, గోటితో కాళ్ళు సరిచేస్తూ, "అక్కా, నీ పక్క కూచుంటే నాకు పశువుల డాక్టరు పని వచ్చేట్టుండాది," అనింది.

పని పట్టినాక నేను ఊరుకుంటానా? కీల మీద తొడుగులు మార్చినాను, మామిడిపండు రంగువి. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించినాను. మూలన ఒక లైటు మిణుకుమిణుకుమంటూ కంటికి అడ్డం వస్తుంటే, మిగిలిన స్టిక్కరు ఒకటి తెచ్చి దాని మీద కూడా అంటించేసినాను. అది ఎందుకు వెలుగుతుందో ఆపరేటరు చెప్పే ఉంటుంది. ఈ కీబోర్డు ఒకేసారి మూడు కంప్యూటర్లను గుర్తుపెట్టుకుంటుంది. ఎఫ్ఎన్ పట్టుకుని ఒకటి నొక్కితే ఒకదానికి, రెండు నొక్కితే ఇంకొకదానికి మారుతుంది. ఇప్పుడు ఎవరితో ఉందో చెప్పేదే ఆ లైటు. దాని నోరు నేనే మూసినాను.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. ఏదైనా ఒక కీకి మనకు కావలసిన వాక్యం మొత్తం నేర్పించవచ్చు. ఒక్కసారి నొక్కితే వాక్యమంతా పడి, కింది వరుసకు కూడా పోతుంది.

"ఏ వాక్యం పెట్టాల అక్కా?" అని అడిగింది ఆపరేటరు.

అడగాల్నా? మా ఆఫీసు నుంచి పోయే ప్రతి లెటరులోనూ ఉండే వాక్యం ఒక్కటే: "నిధులు విడుదల కానందున పని నిలిచియున్నది." ఆ వాక్యం కొట్టీ కొట్టీనే కదా నా వేళ్ళు అరిగిపోయింది. కుడి మూల ఉన్న కీకి దాన్ని నేర్పించినాము. ఆ రోజు నుంచి నేను సగం పని చిటికెన వేలితో చేసినాను.

శబ్దం పోయినాక సూపర్నెంటు గారు హాయిగా ఉంటాడనుకున్నాను. రెండు రోజులు చూసి, నా టేబులు దగ్గరికి వచ్చి, "ఏమ్మా, శబ్దం రాదేం?" అన్నాడు.

"మీరే కదా సార్ వద్దన్నారు."

"వద్దంటే మాత్రం... మొత్తం తీసేస్తావా?" అని, ఒక కీని వేలితో తడిమి, చేయి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయినాడు. ఆయన కూడా టైపిస్టుగానే చేరి పైకి వచ్చిన మనిషి. టైపు హయ్యర్ పరీక్ష ఫస్టు క్లాసులో పాసయినాడట. సూపర్నెంటు అయినాక టైపు కొడితే చిన్నతనమని మానేసినాడు. ఇంక కొన్ని నెలల్లో రిటైరయ్యేవాడు.

ఇంక మీటింగు రోజు.

నెలకోసారి పైఆఫీసు పెద్దసారు అన్ని డివిజన్ల ఇంజనీర్లతో వీడియోలో మాట్లాడేవాడు. ఒక్కొక్కరు తమ షీటు తెర మీద చూపించాల. ఏ కాలువ పని ఎంతవరకు వచ్చిందో చెప్పాల. పెద్దసారుది గట్టి గొంతు. "కాలేదు" అని ఎవరన్నా అంటే ఆ గొంతు ఇంకా పెద్దదయ్యేది. అందుకని అన్ని డివిజన్లలోనూ అన్ని పనులూ అయిపోయేవి. మా సారు చెడ్డవాడు కాదు. రైతు కుటుంబంలోంచి వచ్చినాడు, కాలువ చివర భూమి ఉన్నవాడి కష్టం తెలుసు. కానీ పెద్దసారు గొంతు వింటే ఆయన నాలుక తనంతట తానే "అయిపోయింది సార్" అనేది. నిజానికి మా తూములు సగం సగం పని జరిగి ఆగిపోయి ఉన్నాయి. చివరి ఊళ్ళకు నీళ్ళు పోక రైతులు ఆఫీసుకు వచ్చి అరిచి పోతుండేవాళ్ళు.

ఆ పొద్దున సారు కంగారుగా పిలిచినాడు. ఆయన కీబోర్డు మీద ముందురోజు టీ ఒలికి, సగం కీలు అతుక్కున్నాయి. షీటులో తెలుగులో కొట్టాల్సిన మార్పులు ఉన్నాయి. నేను నా కీబోర్డు పట్టుకుపోయి, ఆపరేటరు చెప్పినట్లు రెండో నంబరులో సారు కంప్యూటరుకు కలిపి, ఆయన చెప్పినట్లే వివరాల వరుసలో పై నుంచి కింది దాకా "పూర్తయినది" అని కొట్టినాను. కొట్టేటప్పుడు మనసు ఒప్పలేదు. కానీ టైపిస్టు మనసుకు ఆఫీసులో సీటు లేదు. పని కాగానే కీబోర్డు తెచ్చి నా టేబులు మీద పెట్టినాను. నంబరు మార్చలేదు. గుర్తుచేసే లైటు స్టిక్కరు కింద ఉంది.

మీటింగు మొదలయింది. సారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గోడ మీది టీవీలో పెద్దసారు, చుట్టూ మిగతా డివిజన్ల ముఖాలు. నేను నోట్సు రాసుకోవడానికి వెనక కూర్చున్నాను. ఏమన్నా చెడితే చూడటానికని ఆపరేటరు తలుపు దగ్గర నిలబడింది. మా వంతు వచ్చింది. సారు షీటు తెరిచి, వివరాల వరుసలో మొదటి గడి మీద మౌసుతో నొక్కి, "మన డివిజన్‌లో అన్ని పనులూ అయిపోయినాయి సార్," అన్నాడు.

అప్పుడు ఆ గడిలో "పూర్తయినది" మాయమై, గుణింతాల గుర్తులు, పొల్లులు వరుసగా పడటం మొదలుపెట్టినాయి. తలా తోకా లేనివి. ఆగి, మళ్ళా అవే. ఆగి, మళ్ళా అవే.

"ఏమిటయ్యా అది?" అన్నాడు పెద్దసారు.

సారు మౌసు కదిలించినాడు. ఆగలేదు. అందరికీ అది పిచ్చి రాత. నాకు మాత్రం అర్థమయింది. తెలుగు పెట్టిన కంప్యూటరులో ఇంగ్లీషు టైపు మొదటి పాఠం కొడితే పడే గుర్తులవి. ఏ, ఎస్, డి, ఎఫ్. టైపు నేర్చుకున్న ఎవరైనా, కీబోర్డు మీద చేయి పెట్టగానే ముందుగా కొట్టేది అదే. మా హాల్లో అప్పుడు ఉన్నది ఒక్క మనిషి. హయ్యర్, ఫస్టు క్లాసు.

నేను కుర్చీలోంచి లేచేలోగా ఆ మనిషి చిటికెన వేలు కుడి మూలకు పోయింది.

"నిధులు విడుదల కానందున పని నిలిచియున్నది."

మొదటి గడిలో గుర్తుల వెనకే ఆ వాక్యం పడింది. కింది గడిలో "పూర్తయినది" పోయి మళ్ళా అదే వాక్యం. దాని కింద మళ్ళా. సారు ఏం చేయాలో తోచక తన కీబోర్డు వైరు పట్టుకుని పీకేసినాడు. వైరు చేతిలో వేలాడుతుండగానే ఇంకొక వరుస పడింది.

"హ్యాక్ చేసినారు సార్! ఎవరో హ్యాక్ చేసినారు!"

"హ్యాక్ చేసినవాడు నీ లెక్కలు ఇంత బాగా ఎట్లా రాస్తున్నాడయ్యా?" అన్నాడు పెద్దసారు. ఎవరో నవ్వి, వెంటనే దగ్గినారు.

నేను హాల్లోకి పరిగెత్తినాను. నా కుర్చీలో సూపర్నెంటు గారు. వెన్ను నిటారుగా, మణికట్లు పైకెత్తి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేను ఏ ఇంక్రిమెంటు రోజూ చూడలేదు. నా కంప్యూటరు తెర మీద ఒక్క అక్షరమూ లేదు. అందుకే ఆయనకు ధైర్యం.

నా అడుగుల శబ్దానికి కళ్ళు తెరిచి, దొంగమాదిరి లేచినాడు. "ఆఫ్ అయ్యుండాదిలేమ్మా ఇది. ఏమీ పడలేదు. ఊరికే చేయి పెట్టి చూస్తాండా."

నేను పక్కనున్న బటను నొక్కి కీబోర్డు ఆపేసి, మళ్ళా లోపలికి పరిగెత్తినాను. షీటులో చివరి రెండు పనులు మాత్రమే "పూర్తయి" ఉన్నాయి.

పెద్దసారు ముందుకు వంగినాడు.

"నోటితో అయిపోయిందంటున్నావు. చేత్తో నిలిచిపోయిందని కొడుతున్నావు. ఏది రాసుకోమంటావయ్యా?"

మా సారు నోరు తెరిచినాడు. "అయిపో..." అన్నాడు. ఆగినాడు. చేతిలోని వైరును చూసుకున్నాడు. నేను వెనకనుంచి ఆయన మెడ మాత్రమే చూడగలిగినాను. అది ఎర్రగా కందిపోయి ఉంది.

"షీటే నిజం సార్," అన్నాడు చివరికి. "ఇప్పుడు పడిందే నిజం. సగంలో ఆగినాయి. కింది రెండూ ఇంకా మొదలే పెట్టలేదు."

పిడుగు పడుతుందని అందరమూ తలలు వంచుకున్నాము. పెద్దసారు మాత్రం గొంతు పెంచకుండానే, "సరే. మిగతావాళ్ళు కూడా మీ షీట్లు తెరవండి. ఒక్కొక్క పని ఫోటోతో చూపించండి," అన్నాడు.

టీవీ మీద ఒక ముఖం ఆగిపోయింది. ఇంకొకటి మాయమయింది. "సార్, వినపడలేదు సార్, నెట్‌వర్కు..." అంటూనే మూడోది పోయింది. చూస్తుండగానే జిల్లాల్లో ఇంటర్నెట్టు కరువు వచ్చినట్లు తెరంతా నల్లబడి, పెద్దసారు, మేము మిగిలినాము.

మీటింగు అయినాక సారు నన్ను, ఆపరేటరును నిలబెట్టినాడు. నేను దాచలేదు. "కీబోర్డు నాది సార్. మీ కంప్యూటరు నుంచి మార్చడం మరిచిపోయింది నేనే," అన్నాను.

"మరి కొట్టింది ఎవరు? నువ్వు నా వెనకే ఉండావు కదా."

ఏం చెప్పాల? ఆ ముసలాయన రిటైరుమెంటు ముందు మెమో వస్తే పెన్షను కాగితాలు ఆగుతాయి. నేను నేల చూపులు చూస్తుంటే, తలుపు తోసుకుని సూపర్నెంటు గారే లోపలికి వచ్చినాడు. చెక్క గోడ పలుచనిదని చెప్పినాను కదా.

"కొట్టింది నేను సార్. దాని మీద చేయి పెడితే ఎట్లుంటాదోనని. శానా దినాలు ఓర్చుకున్నా. ఈ పొద్దు ఓర్చుకోలేకపోయినా."

సారు ఆయన్నూ నన్నూ మార్చి మార్చి చూసినాడు. "ఇప్పుడు మెమో ఎవరికి ఇయ్యాల నేను?"

"కీబోర్డుకు ఇయ్యండి సార్," అనింది ఆపరేటరు. "రిప్లయి కూడా అదే కొట్టుకుంటాది."

సారు నవ్వినాడు. ఆ ఆఫీసులో ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. మెమో ఎవరికీ రాలేదు. రావలసిన మెమో పైనుంచి సారుకే వచ్చింది, తప్పుడు షీటు చూపినందుకు. దానికి జవాబు నేనే కొట్టినాను. కానీ ఆ వెనకాలే నిధులు కూడా కదిలినాయి. అన్నిటికీ కాదు, కాలువ చివరి ఊరికి నీళ్ళు పోయే తూముకు. నిజం చెప్పిన డివిజన్ మాది ఒక్కటే కాబట్టి ముందు మాకే ఇవ్వవలసి వచ్చిందని తరువాత విన్నాము.

సూపర్నెంటు గారు రిటైరయ్యే ముందే ఆ తూము పని పూర్తయింది. ఈసారి నిజంగానే. నీళ్ళు వదిలే రోజు మమ్మల్నందరినీ జీపులో తీసుకుపోయినాడు సారు. గట్టు మీద రైతులు గుమిగూడి ఉన్నారు. పసుపు, కుంకుమ, ఊదుబత్తీలు, టెంకాయ తెచ్చినారు. ఒక పెద్దాయన తలపాగా సర్దుకుంటూ, "ఇన్నేండ్లు కదలని పనిని ఎవురు కదిలిచ్చినారప్పా? ఆ చేత్తోనే టెంకాయ కొట్టిద్దాం," అన్నాడు.

నేను ఆపరేటరును చూసినాను, ఆపరేటరు ఆకాశాన్ని చూసింది. సారు ఏ మాత్రమూ తడుముకోకుండా, "మా సూపర్నెంటు గారు," అన్నాడు.

ఆయన వద్దు వద్దంటున్నా టెంకాయ చేతిలో పెట్టినారు. తూము రాయి మీద మెల్లగా తట్టినాడు. పగల్లేదు. ఇంకోసారి తట్టినాడు. ఊహూ.

తలపాగా పెద్దాయన ఆయన భుజం తట్టి, "ఏమప్పా, అంత బెదురెందుకు? గట్టిగా కొట్టు. ఈడ శబ్దమొస్తే తిట్టేవాళ్ళు ఎవురుండారు?" అన్నాడు.

సూపర్నెంటు గారు ఒకసారి నా వైపు చూసినాడు. ఆపరేటరు నవ్వు ఆపుకోలేక చీరకొంగు నోట్లో కుక్కుకుని గట్టు దిగిపోయింది. ఆయన చేయి పైకెత్తి, తన సర్వీసంతా కలిపి కొట్టినంత గట్టిగా కొట్టినాడు. టెంకాయ రెండు చెక్కలయింది. ఎవరో తూము తలుపు ఎత్తినారు. నీళ్ళు ముందు కొంచెం బురదగా, కొంచెం అనుమానంగా వచ్చినాయి. తరువాత సాగిపోయినాయి.